చన్నీళ్ల పరీక్ష

ఆయన పంపును చెవికి ఆనించి మోటారు చప్పుడు విన్నాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. షుగరు ఉన్నవాళ్లు నడుముకు తగిలించుకుంటే ఇన్సులిన్‌ను రోజంతా చుక్కచుక్కగా ఒంట్లోకి పంపుతుంది. ఇరవై రెండేళ్లుగా కంపెనీలో ఆయన పని కొత్త నమూనాల్లో నీళ్లు నింపి, సన్నటి గొట్టం కొసను గాజు గొట్టంలో పెట్టి, దిగిన నీళ్లు కొలిచి సంతకం పెట్టడం. గొట్టాన్ని తట్టి తట్టి చూపుడువేలి గోరు మొద్దుబారింది. పంపు కూసినప్పుడల్లా పక్కకు తిరిగి చూస్తాడు. పక్కన ఎవరూ ఉండరు.

ఈరోజు నీళ్లు ఫ్రిజ్‌లోంచి తెచ్చాడు.

"చన్నీళ్లెందుకు మాస్టారూ? దానికేమన్నా జ్వరమా?" పంపును తయారుచేసిన ఇంజనీరు నవ్వాడు.

"జనం ఇలాగే నింపుతారు."

"చల్లదనం పోయాక నింపమని పుస్తకంలో రాశాంగా."

"తొందరలో ఉన్నోడు పుస్తకం చదవడు."

మూడేళ్ల కిందట తొందరలో ఉన్నది ఆయనే. తన పంపులోకి మందు కాసేపు బయట పెట్టి నింపమని భార్య అంది. బస్సు పోతుందన్నాడు. చల్లటి మందే నింపాడు. ఒంటి వేడికి అందులోంచి గాలి బుడగలు లేచాయి. పంపు మందుకు బదులు గాలిని తోసింది. సాయంత్రం ఆమె, "ఒంట్లో బాలేదండీ" అంది. పంపు తెర చూసి, "మందు వెళ్లిందిగా" అన్నాడు. తెరను నమ్మాడు. ఆమెను నమ్మలేదు. తెల్లారేసరికి ఆమె లేదు.

పంపులో ఆ చన్నీళ్లు నింపి, నడుముకు తగిలించుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి గొట్టంలో ఆవగింజంత బుడగ కనిపించింది. దాని వెనక మరికొన్ని. తెర మీద 'డోసు పూర్తి' అని వెలిగింది. గాజు గొట్టంలో మూడో వంతు నీళ్లు తక్కువ.

ఇంజనీరు నవ్వలేదు. "బుడగను పట్టే సెన్సర్ పెట్టాలంటే ఆరు నెలలు ఆగాలి. పైవాళ్లు నన్ను నమిలేస్తారు. సంతకం పెట్టేయండి మాస్టారూ."

"నమలనీ. నువ్వు బతికే ఉంటావు."

ఇంజనీరు విసురుగా వెళ్లిపోయాడు. ఆయన కాగితం మీద 'ఫెయిల్' అని రాసి, సంతకం పెట్టి, గోడకు తల ఆనించాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం తాళం వేయడానికి ఇంజనీరు వచ్చాడు.

"మాస్టారూ, ఇంటికెళ్లరా?"

భుజం తట్టాడు. తల పక్కకు వాలింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

మనుషుల్ని పిలిచి వచ్చి, ఇంజనీరు ఆ కాగితం చదివాడు. ఆయన సంతకం కింద తన సంతకం పెట్టాడు.

చనిపోయినాయన నడుముకున్న పంపు ఇంకా ఆడుతూనే ఉంది. గొట్టంలో బుడగ కొసదాకా వచ్చి పగిలింది. తెర మీద మళ్లీ వెలిగింది: డోసు పూర్తి.