మధ్యాహ్నం బొమ్మ

మా నాన్న టీవీ మెకానిక్. టీవీలు పలచబడి గోడకి అతుక్కున్నాక వాటిని బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. చెడిపోతే పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. మా ముందుగదిలో బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ చల్లగా పడి ఉండేది. అయినా నాన్న పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరో వస్తారన్నట్టు ఆ బల్ల ముందు కూర్చునేవాడు.

ఆ రోజుల్లోనే ఆయనకి ఉపగ్రహాల పిచ్చి పట్టింది. వాతావరణ ఉపగ్రహాలు మన నెత్తి మీదుగా పోతూ, కిందనున్న మబ్బుల్ని ఫొటో తీస్తూ, తీసింది తీసినట్టే రేడియోలో కిందికి పంపేస్తుంటాయి. ఎవరైనా పట్టుకోవచ్చు. నాన్న బొటనవేలంత రిసీవర్ ఒకటి తెప్పించి పాత కంప్యూటర్‌కి గుచ్చాడు. వడ్రంగి పారేసిన స్టీలు టేపుని ముక్కలు చేసి, ప్లాస్టిక్ గొట్టానికి అడ్డంగా బిగించి యాంటెన్నా తయారుచేశాడు. అది చూడ్డానికి పెద్ద చేప ముల్లులా ఉండేది. దాన్ని పట్టుకుని డాబా మీద నిలబడే పని నాది.

ఉపగ్రహం ఒక అంచున లేచి ఇంకో అంచున దిగడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. అది కంటికి కనపడదు. అయినా అది ఎక్కడుందో అటే యాంటెన్నాని మెల్లగా తిప్పుతూ ఉండాలి. చెయ్యి వణికితే బొమ్మ నిండా చారలు పడతాయి. నా చెయ్యి వణకదు. నాన్న నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విషయంలోనే. అదీ నాతో కాదు, అమ్మతో అన్నాడు, ఇక స్టాండు కొనక్కర్లేదని.

కింద గదిలో స్పీకర్లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది, సెకనుకి రెండుసార్లు. ఒక్కో టిక్కుకి తెర మీద ఒక్కో గీత. అలా గీత కింద గీత పడుతూ, నలుపు తెలుపుల్లో మబ్బులు తయారయ్యేవి. మొదటిసారి బొమ్మ వచ్చినప్పుడు నాన్న నన్ను కిందికి పిలవడం మర్చిపోయాడు. నేను ఇంకో పావుగంట ఖాళీ ఆకాశం వైపు యాంటెన్నా పట్టుకుని నిలబడ్డాను.

నాలుగు రోజుల్లో వీధంతా తెలిసిపోయింది. ఎదురింటి దర్జీ నాన్నకి మబ్బుల మాస్టారని పేరు పెట్టాడు. తన పెళ్ళాం కోపం ఎప్పుడు తగ్గుతుందో కూడా ఆ బొమ్మలో కనపడుతుందేమో చూడమని అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నాన్న కూడా నవ్వేవాడు. కానీ ఆయన నడక మారింది. మళ్ళీ మనుషులు ఆ బల్ల దగ్గరికి వస్తున్నారు. బట్టలు ఆరేసుకోవచ్చా, లారీలో సిమెంటు వేసుకోవచ్చా అని అడుగుతున్నారు. నాన్న బొమ్మ వైపు చూసి, కాసేపు ఆగి చెప్పేవాడు. ఆగకుండా కూడా చెప్పొచ్చు. ఆగితేనే విలువ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పొద్దున ఉపగ్రహం ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. బొమ్మ సరిగ్గా పడుతుంది. మధ్యాహ్నం మూడున్నరకి ఎదురు దిశలో, దక్షిణం నుంచి ఉత్తరానికి వస్తుంది. ముందు దక్షిణపు గీత పడుతుంది కాబట్టి బొమ్మ తలకిందులవుతుంది. తూర్పూ పడమరా కూడా తారుమారవుతాయి. అందుకని మధ్యాహ్నం బొమ్మ పూర్తికాగానే నాన్న ఒక మీట నొక్కి దాన్ని తిప్పేవాడు.

ఒకసారి నాన్న పక్క ఊళ్ళో హాస్టల్ వైరింగ్ పనికి వెళ్ళి వారం రోజులు అక్కడే ఉన్నాడు. ఆ వారం నేను యాంటెన్నాని డాబా పిట్టగోడకి తాళ్ళతో కట్టి, కిందా పైనా రెండూ నేనే చూసుకున్నాను. ప్రోగ్రాం లోపల వెతుకుతుంటే ఒక గడి కనపడింది. అందులో టిక్కు పెడితే మధ్యాహ్నం బొమ్మ దానంతటదే తిరిగి, సరిగ్గా వస్తుంది. పెట్టాను. వచ్చింది. నాన్న రాగానే చెబుదామనుకున్నాను.

ఆయన రాత్రి అన్నం తింటూ హాస్టల్ వార్డెన్ గురించి చెబుతున్నాడు. మధ్యలో ఆపి చెప్పడం నాకు చేతకాలేదు. నాన్న ముందు నాకు మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. అమ్మ నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అని అందరికీ చెబుతుంది, అదేదో మంచి గుణమైనట్టు. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మావయ్య వచ్చాడు.

మావయ్య అమ్మకి తమ్ముడు. ఊరి చివర ఇటుక బట్టీ పెట్టుకున్నాడు. నెలన్నరగా మనుషుల్ని పెట్టి చెక్క అచ్చులతో ఇటుకలు కోయిస్తున్నాడు. పచ్చి ఇటుకలు నేలంతా పరిచి ఉన్నాయి. అవి ఇంకో రెండు రోజులు ఎండితే బట్టీలో పేర్చి కాల్చెయ్యొచ్చు. కాల్చాక వాన ఏమీ చెయ్యలేదు. కాల్చకముందు వాన పడితే ఇటుక మళ్ళీ మట్టే. పొద్దుటి నుంచి గాలి ఆడటం లేదని, వాన వస్తుందేమో చూసి చెప్పమని నాన్నని అడిగాడు. వచ్చేటట్టయితే పనివాళ్ళందర్నీ ఇప్పుడే కోత ఆపించి, ఇటుకలన్నీ వరసలుగా ఎత్తించి టార్పాలిన్ పట్టాలు కప్పించాలి. చీకటి పడేదాకా అదే పని. పచ్చిగా ఉన్నవాటిని ఎత్తితే కొన్ని చేతుల్లోనే విరుగుతాయి. రాకపోతే ఆ కష్టమంతా దండగ.

నేను డాబా ఎక్కాను. దర్జీ, ఇంకో ఇద్దరు కూడా వచ్చి ముందుగదిలో నిలబడ్డారు. దక్షిణం వైపు మొదలుపెట్టి, ఉత్తరం వైపుకి తిరిగి, పన్నెండు నిమిషాలూ చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. దిగి వచ్చేసరికి నాన్న తెర ముందు కూర్చుని చెబుతున్నాడు. తెల్లటి పెద్ద ముద్ద ఎడమ పక్కన, పడమర కొండల మీద ఉంది. కుడి పక్కన, సముద్రం వైపు ఖాళీ. మబ్బు మనల్ని దాటి కొండలెక్కేసిందని, రెండు రోజులు నిశ్చింతగా ఉండమని అంటున్నాడు.

నేను టిక్కు పెట్టిన గడి గుర్తొచ్చింది. సరిగ్గా వచ్చిన బొమ్మని నాన్న అలవాటు కొద్దీ మీట నొక్కి తిప్పేశాడు. మా చిన్న యాంటెన్నాకి వచ్చే బొమ్మలో నేలకీ నీళ్ళకీ తేడా సగం రోజులు తెలియదు. ఆ మబ్బు కొండల మీద లేదు. సముద్రం మీద ఉంది, మా వైపుకి వస్తోంది.

గుమ్మం దగ్గరే నిలబడి అన్నాను. "నాన్నా, అది తిరగబడింది. మబ్బు ఇటు పక్కనుంది."

నాన్న వెనక్కి తిరగలేదు. "నేను తిప్పానులే. నువ్వు లోపలికి పో."

"అది ముందే..."

"చెప్పానా?" అన్నాడు.

దర్జీ నవ్వుతూ, మాస్టారికే పాఠాలా అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వారు. మావయ్య నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ తెర వైపు చూశాడు. అమ్మ వచ్చి టీ కప్పుల పళ్ళెం నా చేతిలో పెట్టింది. నేను అందరికీ టీ ఇచ్చాను. అదే నేను చేసింది.

మావయ్య వెళ్తుంటే నాన్న ఆయన్ని సందు చివరి దాకా సాగనంపి, అటే బజారుకి పోయాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, నాన్న తిప్పకముందు ప్రోగ్రాం దాచుకున్న ఫైలు తెరిచి చూశాను. మబ్బు కుడి పక్కన ఉంది. అనుమానం లేదు. అమ్మకి చెప్పాను. అమ్మ బియ్యం చెరగడం ఆపి విన్నది. నలుగురిలో కాకుండా నాన్న ఒక్కడే ఉన్నప్పుడు మెల్లగా చెప్పమంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో ఉంది. బట్టీకి సైకిల్ మీద ఇరవై నిమిషాలు. సైకిల్ బయటికి తీశాను. వెళ్ళి ఆ పనివాళ్ళందరి ముందు, మా నాన్న చెప్పింది తప్పని ఎలా అనాలో తెలియక మళ్ళీ గోడకి ఆనించాను. రెండుసార్లు తీశాను, రెండుసార్లు పెట్టాను.

నాన్న అయిదింటికి వచ్చాడు. ఆ ఫైలు తెర మీదే ఉంచాను. గడి చూపించాను. ఆయనకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మెకానిక్ కదా.

"ఎప్పుడు పెట్టావు?" అన్నాడు.

"మీరు హాస్టల్‌కి వెళ్ళినప్పుడు."

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. తెర మీద మావయ్య పేరు కూడా వచ్చింది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. ఆయన బొటనవేలు ఆ పేరు మీద ఆగింది. బయట ఇంకా ఎండ ఉంది. సగం ఇటుకలైనా ఎత్తి పట్టాలు కప్పడానికి గంట పైనే వ్యవధి ఉంది. నాన్న ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇటు రాకపోవచ్చులే," అన్నాడు. నాతో కాదు. ఎవరితోనో.

ఆరున్నరకి తూర్పు నల్లబడింది. ముందు దుమ్ము లేచింది, తర్వాత వాన. వీధి దీపాలు ఆరిపోయాయి. అమ్మ కిటికీ రెక్క పట్టుకుని, తమ్ముడి బట్టీ ఏమైందో అంది. నాన్న బల్ల ముందు కూర్చునే ఉన్నాడు.

పొద్దున అమ్మా నేనూ బట్టీకి వెళ్ళాం. నేలంతా ఇటుకలు ఉండాల్సిన చోట మెత్తటి గుండ్రటి దిబ్బలున్నాయి, నానిన రొట్టెల్లాగ. ఒక చివర మాత్రం రెండు వరసలు నిలిచాయి. వాన మొదలయ్యాక మావయ్య ఒక్క పట్టా లాక్కొచ్చి కప్పాడట. పనివాళ్ళు మూటలు కట్టుకుంటున్నారు. మావయ్య బురదలో కూర్చుని, చెక్క అచ్చుల్ని నీళ్ళతో కడుగుతున్నాడు. మళ్ళీ ఎప్పుడు వాడతాడో తెలియని అచ్చుల్ని అంత శుభ్రంగా ఎందుకు కడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. అమ్మ ఏడుస్తుంటే, ఊరుకో అక్కా అన్నాడు.

మూడో రోజు మావయ్య మా ఇంటికి వచ్చాడు. నాన్న ఆయన కూర్చోకముందే మొదలుపెట్టాడు. ఉపగ్రహం తప్పు లేదని, తన తప్పూ లేదని, పిల్ల తనకి చెప్పకుండా లోపల ఏదో మార్చేసిందని, అందుకే అలా జరిగిందని చెప్పాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చివర్న నా వైపు తిరిగాడు.

"చెప్పవే మీ మావయ్యకి."

"నేనే మార్చాను," అన్నాను. నా గొంతు బాగా పైకే వచ్చింది. అందరికీ వినపడింది.

మావయ్య నన్ను కోప్పడలేదు. కుర్చీ అంచున కూర్చుని గోళ్ళలో మట్టి తీసుకుంటూ మాట్లాడాడు.

"ఆ రోజు గుమ్మంలో నిలబడి తిరగబడిందన్నావు కదమ్మా. నాకు వినపడింది. మీ నాన్న మాటే నిజం కావాలని నాకుంది. నాకూ పని ఆపడం ఇష్టం లేదు. అందుకే వినపడనట్టు ఊరుకున్నాను." గోళ్ళు వదిలేసి నా వైపు చూశాడు. "ఒక్కటి చెప్పు. మీ నాన్నకి ఈ సంగతి ఎప్పుడు తెలిసింది? వాన రాకముందా, వచ్చాకా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నాన్న నా వైపు చూడలేదు, తెర వైపూ చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయనకి కాక నిజం తెలిసింది నాకొక్కదానికే. చెబితే మావయ్య మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు, అమ్మకి పుట్టిల్లు ఉండదు. ఇవన్నీ తర్వాత ఆలోచించి రాస్తున్నాను. అప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు.

"వచ్చాక," అన్నాను.

మావయ్య తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. ఎల్లుండి నుంచి వంతెన అవతల పెద్ద బట్టీలో మేస్త్రీగా చేరుతున్నానని అమ్మకి చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ ఆయన దగ్గర మేస్త్రీలు పనిచేశారు.

మర్నాడు మూడుంబావుకి నాన్న నా దగ్గరికి వచ్చాడు. నేను లెక్కలు చేసుకుంటున్నాను. "అమ్మా, పైకి వెళ్దామా, టైమయింది," అన్నాడు. ఆయన నన్ను అమ్మా అనడం అదే మొదటిసారి. ఎంతో మెత్తగా అన్నాడు, అప్పు తీరుస్తున్నవాడిలా. నేను తల ఎత్తలేదు. నాన్న యాంటెన్నా తీసుకుని తనే మెట్లెక్కాడు.

స్పీకర్లోంచి టిక్కు టిక్కుమని మొదలయింది. నాన్న చెయ్యి వణుకుతున్నట్టుంది, చారలు పడుతున్నాయి. వాటి మధ్యలోంచే గీతలు ఒక్కొక్కటీ దిగుతున్నాయి, మబ్బులు లేని నేల, సముద్రపు అంచు.

"వస్తోందా?" అని డాబా మీంచి అడిగాడు.

తెర నాకు ఎదురుగానే ఉంది.

"వస్తోందామ్మా?"

నేను తర్వాతి లెక్క మొదలుపెట్టాను.