పక్కింటి వేడినీళ్లు

పక్కింటి పెరట్లో ఆవిరి లేస్తే చాలు, ఆర్లెన్ ట్వెట్ కడుపులో మంట లేచేది. జనవరి నెల, అమెరికాలో మిన్నెసోటా ఉత్తరపు కొస, చెరువు మీద లారీ నడిపినా పగలనంత మందంగా మంచు గడ్డకట్టిన రోజులు. అలాంటి చలిలో కంచె అవతల ఓ మనిషి చొక్కా లేకుండా వేడినీళ్లలో కూర్చుని హాయిగా మూలుగుతుంటే ఎవరికైనా కాస్త కుళ్లు పుడుతుంది. ఆర్లెన్ కుళ్లు మాత్రం నీళ్ల గురించి కాదు. ఆ నీళ్లలో ఆయన భార్య మార్లిస్ కూడా ఉంది.

వంటింటి కిటికీలోంచి చూస్తే అన్నీ కనపడేవి. వేడినీళ్ల తొట్టి అడుగున నీలం దీపం, పైన ఆవిరి, ఆవిరిలో రెండు తలలు. ఒకటి మార్లిస్‌ది. రెండోది పక్కింటి డెన్నీ సాలజార్‌ది, దాని మీద ఎర్ర ఉన్ని టోపీ. ఆ టోపీ మార్లిస్ ఆర్లెన్ కోసమే అల్లింది. దురద పెడుతోందని ఆయనే మూల పడేశాడు. మూల పడేసినంత మాత్రాన ఊరివాళ్ల నెత్తిన పెట్టేయడమేనా? ఇప్పుడది లోకంలోకెల్లా మంచి టోపీలాగా కనపడుతోంది.

ఇంతలో మార్లిస్ నవ్వింది. అదీ ఆయన్ని అసలు కాల్చేది. గొంతులోంచి పొర్లుకొచ్చే నవ్వు, ఆపుకోలేక చివర్లో చిన్న గురకలాంటి చప్పుడు వచ్చే నవ్వు. ఆ గురక తన ఒక్కడి సొత్తని ఆర్లెన్ అనుకుంటూ ఉండేవాడు. ఇంట్లో దాన్ని విని ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

డెన్నీ అరిజోనా ఎడారి మనిషి. భార్య పోయాక కూతురికి దగ్గరగా ఉంటానని ఆకులు రాలే రోజుల్లో ఇక్కడికొచ్చి పడ్డాడు. ఇంటికి సోఫా ఇంకా రాకముందే తొట్టి వచ్చింది. క్రేన్ దాన్ని ఇంటికప్పు మీదుగా ఎత్తి పెరట్లో దించుతుంటే వీధి వీధంతా బయట నిలబడి చూసింది. ఆ సాయంత్రమే డెన్నీ కంచె దగ్గరికొచ్చి కేకేశాడు.

"ఆర్లెన్! నీళ్లు కాగాయి. ఇద్దరూ వచ్చేయండి!"

"అబ్బే, మాకెందుకులెండి," అన్నాడు ఆర్లెన్, వెనకే ఉన్న మార్లిస్‌ని అడక్కుండానే.

ఆ ఊళ్లో మర్యాదంటే అదే మరి. మొదటి పిలుపుకే ఊఁ అనేవాడు ఆబగాడు. రెండోదానికి కూడా కాస్త నసగాలి. మూడోసారి పిలిచాక, "సరే, మీరింతగా అంటున్నారు కనక" అంటూ కదలాలి. కాఫీకైనా, పెళ్లి భోజనానికైనా, మంచులో ఇరుక్కున్న కారు తోసే సాయానికైనా ఇదే వరస. ఆర్లెన్ కంచె మీద చెయ్యేసి రెండో పిలుపు కోసం నిలబడ్డాడు.

"సరే, నీ ఇష్టం," అని డెన్నీ వెళ్లిపోయాడు.

ఆర్లెన్‌కి చెంప ఛెళ్లుమన్నట్టయింది. పిలిచినట్టు పిలిచి ముఖం మీద తలుపేసుకోవడం కాకపోతే ఇదేమిటి? ఆ కోపం చల్లారకముందే, వారం తిరిగేసరికల్లా, మార్లిస్ స్నానపు కోటు తొడుక్కుని, మంచు బూట్లేసుకుని పెరటి తలుపు తీసింది.

"డెన్నీ వాళ్లింటికి. మోకాళ్లు సలుపుతున్నాయి," అంది.

"వెళ్లు. నీ ఇష్టం," అన్నాడు ఆర్లెన్, గోడకేసి చూస్తూ. ఎవరు పిలిచారు, ఎన్నిసార్లు పిలిచారు, తన్నెందుకు పిలవలేదు, ఒక్కటీ అడగలేదు. అడిగితే పట్టించుకున్నట్టవుతుందని ఆయన భయం.

అదిగో, ఆనాటి నుంచి ఇదే వరస. ఆమె వెళ్తుంది, ఆయన సింకు దగ్గర దీపం ఆర్పి కిటికీలో నిలబడతాడు. ఉద్యోగమున్నంత కాలం కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపినవాడు, తుపానుల్లో నదురుబెదురు లేకుండా తిరిగినవాడు, ఇప్పుడు కర్టెను చాటు నుంచి తొంగిచూసే మనిషైపోయాడు. చివరికొక ఉపాయం తట్టింది. తనూ తొట్టి కొంటాడు. డెన్నీదానికంటే పెద్దది, ఎక్కువ దీపాలున్నది. ఇంట్లోనే వేడినీళ్లుంటే ఇక పక్కింట్లో ఆమెకేం పని?

మర్నాడే డులూత్ పట్నం వెళ్లాడు. మొదటి దుకాణంలో బ్రోడీ అని ఓ కుర్ర సేల్స్‌మన్ పళ్లన్నీ బయటపెట్టి ఎదురొచ్చాడు.

"రండి సార్! ఎలాంటిది చూస్తున్నారు? ఇది చూడండి, జలపాతముంది, పాటలొస్తాయి, ఫోన్లోంచే వేడి చేసుకోవచ్చు. ఈ ధర ఇవాళ్టితో ఆఖరు."

"మా పక్కింటాయనది..." అని ఆర్లెన్ డెన్నీ తొట్టి గుర్తులన్నీ చెప్పాడు. ఎంత పొడుగు, ఎన్ని సీట్లు, దీపం ఏ రంగు. కిటికీలోంచి చూసిందంతా కంఠతా వచ్చేసింది.

"ఓ, అదా!" బ్రోడీ జాలిగా నవ్వాడు. "పాత రకం సార్. దీని పక్కన పెడితే అది కుడితి తొట్టి."

ఆ మాటకి ఆర్లెన్ ప్రాణం లేచొచ్చింది. కుడితి తొట్టి! ఇంకోసారి అనిపించుకోవాలనిపించి, "అంత తేడానా?" అని అడిగాడు కూడా. కొనేసేవాడే. కానీ బ్రోడీ కాగితాలు తెస్తూ, "మీ మిసెస్ గర్వంగా పక్కింటాయన్నే మీ ఇంటికి పిలుస్తారు చూడండి," అన్నాడు. ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. డెన్నీ తమ పెరట్లో, తన తొట్టిలో, తన టోపీతో! ఆర్లెన్ కలం కింద పెట్టేసి, ఆలోచించి వస్తానని చెప్పి బయటపడ్డాడు. బ్రోడీ పార్కింగ్ దాకా వెంటబడి, కారెక్కేలోగా ధర ఇంకోసారి తగ్గించాడు.

రెండో దుకాణం ఓ పాత గోడౌను. నడిపేది లవాన్ అనే పెద్దావిడ. స్వెట్టరు మోచేతుల దగ్గర అరిగిపోయింది. జలపాతాల ఊసే ఎత్తలేదు.

"కాఫీ తాగుతారా?" అంది.

"వద్దండి, పర్లేదు."

"వేడిగా ఉంది."

"అయ్యో, మీకు శ్రమ."

"పోసేస్తున్నాను మరి."

"సరే, పోస్తున్నారు కనక," అని ఆర్లెన్ కప్పు అందుకున్నాడు. హమ్మయ్య, పద్ధతి తెలిసిన మనిషి.

"ఎందరు కూర్చుంటారు ఇందులో?" అడిగింది లవాన్.

"ఇద్దరే. ఇద్దరే పట్టేది కావాలి. మూడోవాడు కాలు పెట్టడానికి కూడా చోటుండకూడదు."

లవాన్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "చూసి కొనేది కాదండీ ఇది, కూర్చుని కొనేది. శుక్రవారం నీళ్లు నింపి వేడి చేసి ఉంచుతాను. స్నానపు నిక్కరు తెచ్చుకోండి, ఆవిణ్ని తీసుకురండి. వీపు ఎక్కడ ఆనుతుందో, మోకాళ్లు ఎక్కడికొస్తాయో ఇద్దరూ చూసుకోవాలి."

ఇంటికొచ్చేసరికి మార్లిస్ ఓవెన్‌లోంచి తీసిన హాట్‌డిష్, ఆ వైపు వాళ్ల బంగాళాదుంపల వంటకం, గరిటెతో వడ్డిస్తోంది. ఆర్లెన్ కుర్చీ లాక్కుంటూ ఏదో వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు. "శుక్రవారం డులూత్ వెళ్తున్నా. వేడినీళ్ల తొట్టి చూడ్డానికి. వస్తావా?"

గరిటె ఆమె చేతిలో ఒక్క క్షణం ఆగింది. "తొట్టా? మనకెందుకులే. నువ్వెళ్లు," అంది.

అదిగో, చెప్పలా! ఆర్లెన్ మనసులో అనుకున్నాడు. పక్కింటి తొట్టికైతే పరుగెత్తుకుని వెళ్తుంది, మొగుడి తొట్టి అనగానే మనకెందుకు అట. ఇంకో మాట మాట్లాడకుండా తినేసి, కిటికీ దగ్గర తన కాపలాకి వెళ్లిపోయాడు.

శుక్రవారం ఒక్కడే వెళ్లాడు. దుకాణం మధ్యలో, తొట్టీల నడుమ, నిక్కరుతో నీళ్లలో కూర్చోవడం ఆయనకి తల కొట్టేసినట్టయింది. కానీ నీళ్లు వీపుకి తగలగానే, ఇన్నేళ్లు బండి సీటులో బిగుసుకుపోయిన నడుము ఒక్కసారిగా వదులైంది. తనూ మూలిగాడు. అచ్చం డెన్నీలాగే. అది విని ఆయనకే ఒళ్లు మండింది.

లవాన్ పక్కన స్టూలేసుకుని కూర్చుంది. "ఆవిడ రాలేదేం?"

"అడిగాను. రానంది."

"ఎన్నిసార్లు అడిగారు?"

ఆర్లెన్ నీళ్లలో కాళ్లు కదిపాడు. "ఒకసారి."

"ఒక్కసారా?" లవాన్ ముక్కున వేలేసుకుంది. "మొన్న నా చేత కాఫీకి ఎన్నిసార్లు బతిమాలించుకున్నారండీ? కాఫీకే అంతుంటే, కట్టుకున్నావిడ ఒక్క మాటకే లేచి రావాలా? ఆవిడదీ మన వైపే కదా?"

తొట్టి బుడబుడమంటోంది. ఆర్లెన్‌కి ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తున్నాయి. శనివారం హాల్లో డాన్సుంది, వెళ్దామా అని అడిగితే ఎందుకులే అంది. సరేనని టీవీ పెట్టాడు. పెద్ద సరస్సు చూడ్డానికి పోదామా అంటే అంత దూరమా అంది. సరేనని చేపలు పట్టడానికి వెళ్లాడు. ఊళ్లో ప్రతి గడపలోనూ మూడో పిలుపు దాకా నిలబడే మనిషి, ఇంట్లో మాత్రం మొదటి 'వద్దు' వినగానే హాయిగా పక్కకి తిరిగిపోయాడు. ఆ 'వద్దు'లన్నిటి వెనకా ఆమె చెయ్యి ఆగింది, గరిటె ఆగినట్టు. ఆయన చూశాడు కూడా. చూసి ఊరుకున్నాడు.

"ఆవిడ వచ్చి కూర్చున్నాకే బిల్లు రాస్తాను," అని లవాన్ తువ్వాలు అందించింది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. మార్లిస్ అప్పటికే స్నానపు కోటు తొడుక్కుని బూట్లు వెతుక్కుంటోంది.

"మార్లిస్, తొట్టి చూడ్డానికి రేపు నాతో రావూ?"

"వద్దు ఆర్లెన్."

"చాలా బావుంది. నీ మోకాళ్లకి మంచిది."

"వద్దు."

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. ఇదే మూడో పిలుపు. "నీతో కలిసి కూర్చోవాలనుంది. వస్తావా?"

మార్లిస్ బూటు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. మొహంలో కోపం లేదు. "వద్దు. ఈసారి వద్దంటే నిజంగానే వద్దు. నీకు కావాల్సింది తొట్టి కాదు, డెన్నీని ఓడించడం. మధ్యలో నన్నెందుకు నానబెడతావు?"

"వాడు నిన్ను బతిమాలి బతిమాలి పిలిచాడు, నేను పిలవలేదు. అదేగా నీ బాధ?"

"బతిమాలాడా?" ఆమె నవ్వబోయి ఆగింది. "కంచె దగ్గర నీ వెనకే ఉన్నాను, మర్చిపోయావా? ఒక్కసారి పిలిచాడు, నువ్వు వద్దన్నావు, నిజమే అనుకుని వెళ్లిపోయాడు. వాళ్ల వైపు వద్దంటే వద్దే. వారం రోజులు ఆ ఆవిరి చూస్తూ కూర్చున్నా. ఇన్నేళ్లూ రెండోసారి ఎవరైనా అడుగుతారేమోనని కూర్చున్నదాన్నే కదా. విసుగొచ్చింది. వెళ్లి గేటు కొట్టి, నాకు రావాలనుంది అన్నాను. నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు."

నీళ్ల మీదా, టోపీ మీదా, డెన్నీ మీదా ఇన్నాళ్లు కుళ్లుకున్నాడు ఆర్లెన్. ఇప్పుడు ఆ ఒక్క మాట మీద అసూయ పుట్టింది. ఆ మాట ఆమె తనతో అని ఉండొచ్చు కదా!

ఆమె బూట్లు తొడుక్కుని, తలుపు తీసి వెనక్కి తిరిగింది. "నువ్వూ రా," అంది.

"పర్లేదులే, మీరు కానివ్వండి," అంది ఆయన నోరు, ఆయన్ని అడక్కుండానే.

"సరే," అని మార్లిస్ వెళ్లిపోయింది.

తలుపు మూసుకున్నాక ఆర్లెన్ చాలాసేపు ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాడు, మళ్లీ తెరుచుకుంటుందేమోనని. తెరుచుకోలేదు. అవతల తొట్టి మూత లేచిన చప్పుడైంది. అప్పుడు ఆయన తడి నిక్కరు మళ్లీ తొడుక్కున్నాడు. అది మంచుముక్కలా అంటుకుంది. పైన చలికోటు, కాళ్లకి బూట్లు. మంచులో తన భార్య అడుగుల మీదే అడుగులేసుకుంటూ గేటు దాకా నడిచాడు.

"ఓ, ఆర్లెన్!" డెన్నీ టోపీ పైకి తోసుకున్నాడు. "దిగుతావా?"

"అబ్బే, ఊరికే ఇలా..."

"సరే, నీ ఇష్టం," అన్నాడు డెన్నీ మామూలుగా.

మార్లిస్ ఆవిరిలోంచి ఆయన్నే చూస్తోంది. సాయం వచ్చేలా లేదు. ఆర్లెన్ గేటు ఊచ పట్టుకున్నాడు. మోకాళ్లు చలికి టకటకలాడుతున్నాయి. ఉద్యోగమంతా బండితో ఎంత మంచు తోశాడో గానీ, ఇంత బరువు ఎన్నడూ తోయలేదు.

"వస్తాను," అన్నాడు పెద్దగా. "నాకు రావాలనుంది."

"మరి రావయ్యా, నీళ్లు చల్లారిపోతున్నాయి!"

అటు పక్క మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆర్లెన్ వాటి వంకైనా చూడకుండా, నీళ్లలో తడబడుతూ వెళ్లి, సరిగ్గా ఆ ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాడు. డెన్నీ తెల్లబోయి పక్కకి జరిగాడు. ఆర్లెన్ చెయ్యి చాచి వాడి నెత్తి మీది ఎర్ర టోపీ తీసి, తన తల మీద చెవుల దాకా లాక్కున్నాడు.

"ఇది నాది," అన్నాడు.

మార్లిస్ నవ్వింది. చివర్లో ఆ గురక కూడా వచ్చింది. టోపీ దురద పెడుతూనే ఉంది, ఆయన తియ్యలేదు.