బొమ్మకు తొడిగిన లాల్చీ

సంతోషీ, ఆ ఫోను పక్కన పెట్టి ఇటు నా మోకాలి దగ్గరికి వచ్చి కూర్చో బిడ్డా. అంబదాస్ కాక చాయ్ కప్పు ఎడమ చేత్తోనే ఎందుకు పట్టుకుంటాడని నిన్న అడిగావు. మీ నాన్న మాట దాటేశాడు. నేను దాటెయ్యను. ఆ కథలో నా చెయ్యి కూడా ఉంది.

అంబదాస్ నా చెల్లెలి కొడుకు. ఇక్కడే సూరత్‌లో, వడోద్‌ దగ్గరి మగ్గాల షెడ్డులో పని. పేరు మాత్రం బొమ్మలతో వచ్చింది. షెడ్డులో మిగిలిన చిందీ పేలికలు గోనెకు నింపి తెచ్చేవాడు. నేను చింతగింజల పిండితో గంజి కాచి ఇచ్చేదాన్ని. పేలికలు గంజిలో ముంచి పొర మీద పొర వేస్తే, పైన తోలులా గట్టిగా, లోపల పరుపులా మెత్తగా మనిషి తయారయ్యేవాడు. గుట్కా అమ్మే సినిమా హీరోను ఒకసారి చేశాడు, నోరంతా పుండుతో. ఓట్లకు దండం పెట్టే నాయకుణ్ణి చేశాడు. వెనక్కి పోయి చూస్తే ఆయనకు మూడో చెయ్యి ఉంది, అది ఓటరు జేబులో ఉంది.

ఎవరైనా కొట్టడానికి వస్తే అంబదాస్‌కు ఒక ఉపాయం ఉండేది. బొమ్మకు పేరు రాసేవాడు కాదు, ముఖం అచ్చంగా పోలేలా చేసేవాడు కాదు. "ఎవలదో మీరే చెప్పుండ్రి" అనేవాడు. అది మా సార్‌దే అని చెప్తే దొంగతనం ఒప్పుకున్నట్టే కదా. తిట్టుకుంటూ పోయేవాళ్లు.

కరోనా వచ్చింది. మగ్గాలు ఆగాయి. ఊరికి పోనివ్వరు, ఇక్కడ తిండి లేదు. అప్పుడు మన నగర్‌సేవక్, అదే కార్పొరేటర్, రేషన్ సంచులతో గల్లీకి వచ్చాడు. పక్కింటి బాలవ్వ చేతిలో ఒక సంచి పెట్టి ఫోటో దిగాడు. ఫోటో అయ్యాక సంచి తీసుకుని పక్క గల్లీకి పోయాడు. బాలవ్వ చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. అంబదాస్ అది చూశాడు.

వారం తిరగకముందే నాలుగు దారులు కలిసే నాకా దగ్గర నిలువెత్తు బొమ్మ లేచింది. ముఖానికి మాస్కు, చేతిలో సంచి. సంచి లాగితే వస్తుంది, వదిలితే రబ్బరు గుంజుకుని మళ్లీ ఆయన బొజ్జకే పోయి తగులుతుంది. నెల రోజులుగా కడుపునిండా తినని పిల్లలు కూడా నవ్వారు.

కానీ ఈసారి అంబదాస్ ఒక తప్పు చేశాడు. నగర్‌సేవక్ ఎప్పుడూ ఒకటే రకం లాల్చీ తొడుగుతాడు, మీగడ రంగు మీద నాలుగు వేళ్లకో నీలి గీత. ఆ బట్ట ఆయన కోసమే నేయించేవాళ్లు. నేసేది అంబదాస్. తానులో మిగిలిన ముక్క ఇంట్లో ఉంటే దాన్నే కుట్టి బొమ్మకు తొడిగాడు. వేరే గుడ్డ వెయ్యమని పెళ్లాం ఊర్మిళ బతిమాలింది, నేనూ చెప్పాను. గీత ఒక్క దారం అటూ ఇటూ ఉన్నా ఆయన ఆయన కాడన్నాడు. నేత మనిషి పట్టుదల అది.

ఆ మధ్యాహ్నమే నగర్‌సేవక్ మనుషులు నలుగురు వచ్చారు. బొమ్మను ఈడ్చుకొచ్చి మన గడప ముందు పడేశారు. చేతుల్లో ఇనుప రాడ్లు. ఎవరిదని అడిగారు. అంబదాస్ ఎప్పటి మాటే అన్నాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోయేవాళ్లేనేమో. అప్పుడు వాళ్లలోంచి దేవదాస్ ముందుకు వచ్చాడు.

దేవదాస్ మన ఊరివాడే. సూరత్‌కు వచ్చిన కొత్తలో రెండేళ్లు నా చేతి జొన్నరొట్టె తిన్నాడు. అంబదాస్ పక్క మగ్గం మీదే పని నేర్చాడు, తర్వాత నగర్‌సేవక్ వెంట తిరగసాగాడు. వంగి ఆ లాల్చీ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు.

"గీ గీత నీ మగ్గం మీద తప్ప ఇంకేడ లేదుర అంబదాసూ" అన్నాడు.

ముందు బొమ్మను కొట్టారు. అది విరగదు కదా. రాడ్డు దిగబడుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. మేడ మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు మండి వాళ్లు అంబదాస్‌ను కింద పడేశారు. దేవదాస్ అతని ఛాతీ మీద కూర్చుని కుడి చెయ్యిని గడప రాయి మీద అదిమి పట్టాడు. పట్టి, తలెత్తి నన్ను చూశాడు.

"నువ్వు జర లోపలికి పో పెద్దమ్మా. నువ్వు చూడొద్దు."

నేను పోయాను. వెనక నుంచి చప్పుడు వినిపించింది, నూలు కండె కాలి కింద పడి నలిగినట్టు. ఒక వేలు. మళ్లీ ఒకటి. ఊర్మిళ గోడకు తల కొట్టుకుంటోంది. మూడోది. పొయ్యి మీద గంజి కుతకుత ఉడుకుతోంది. కోపంలో తెలియక చేశానని నేను చెప్పను. మూడో చప్పుడు తర్వాత కొంగుతో గిన్నె పట్టుకునేంత, మసి బట్ట వేసి మళ్లీ గట్టిగా పట్టుకునేంత తీరిక నాకు దొరికింది.

రాడ్డు ఎత్తినవాడు వేరే. నేను గడప దాకా వచ్చి దేవదాస్ ముఖం మీద పోశాను.

నీళ్లయితే జారిపోతాయి బిడ్డా. గంజి అంటుకుంటుంది. దాన్ని గీకి తీసుకోబోయాడు, గోళ్ల వెంట చర్మం వచ్చింది. ఒక కన్ను అక్కడే పోయింది. మిగతావాళ్లు అతన్ని లాక్కుని పారిపోయారు.

ఆసుపత్రికి పోతే, కరోనా వాళ్లకు తప్ప ఎవరికీ చోటు లేదని గేటు దగ్గరే ఆపారు. ఊర్మిళ నూలు కండెలు అడ్డం పెట్టి వేళ్లు కట్టింది. మూడు వేళ్లు వంకరగానే అతుక్కున్నాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. ఆ రెంటితోనూ ఎడమ చేత్తోనూ అంబదాస్ ఇప్పటికీ బొమ్మలు చేస్తున్నాడు.

పోయిన ఏడు నన్నే చేశాడు. ఊళ్లోనే ఆల్థాన్‌లో ప్రదర్శనకు పెట్టారు, గంజి గిన్నె ఎత్తిన ముసలిదాన్ని. జనం చప్పట్లు కొట్టారు. నా గిన్నె ముందు మాత్రం ఇంకో బొమ్మ లేదు.

"గంజి ఎవల మీద వడ్డదో గా మనిషిని గూడ పెట్టరాదుర" అన్నాను.

"వానికి నేను బొమ్మ చెయ్య పెద్దమ్మా" అన్నాడు. తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

దేవదాస్ ఇదే ఊళ్లో, పాండేసరాలో ఉంటాడు. ఊరంతా మాస్కులు తీసేసింది, అతను తియ్యలేదు.

అందుకే నీకు చెప్తున్నాను. ఎవరైనా అడిగితే అంబదాస్ చెయ్యి గురించి చెప్పు, నగర్‌సేవక్ సంచి గురించి చెప్పు. నన్ను లోపలికి పొమ్మన్నది దేవదాసేనని, నేను పోయింది గంజి దగ్గరికేనని కూడా చెప్పు. ఏదీ, ఒకసారి నాకు చెప్పి చూపించు. చిందీ గోనె దగ్గర మొదలుపెట్టు.