ఇద్దరి కంపెనీ

బాలకిషన్ స్టీరింగ్ పట్టుకుంటే వంక పెట్టేవాడు వరంగల్ లారీ అడ్డాలో ఒక్కడూ లేడు. ఇంకొకడు స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం బాలకిషన్ అంతటి నస మనిషి కూడా లేడు. హన్మకొండ బస్సు ఎక్కినా ఆయన కుడికాలు ఊరుకోదు. ముందర సైకిల్ కనబడితే చాలు, బస్సు నేలనే బ్రేకనుకుని టపీమని తొక్కుతుంది. రిక్షా ఎక్కితే తొక్కేవాడికి దారి చెబుతాడు. తన పెళ్లి ఊరేగింపులో జీపు డ్రైవరును గేరు మార్చమన్నాడని, ఆనాడు పక్కన కూర్చున్న పెళ్లికూతురు విమలమ్మ ఈనాటికీ ఎత్తిపొడుస్తుంది.

అలాంటి మనిషికి ఇద్దరి కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. దాని అసలు పేరు బోర్డు మీద పెద్ద అక్షరాల్లోనే ఉంది గానీ, అడ్డాలో ఆ పేరుతో ఎవరూ పిలవరు. నేషనల్ పర్మిట్లు వచ్చిన కొత్తలు అవి. బొంబాయి దాకా బండి ఆగకుండా నడవాలని ఆ కంపెనీ వాళ్లు ఒక్కో లారీకి ఇద్దరేసి డ్రైవర్లను పెట్టారు. ఒకడు నడుపుతుంటే రెండోవాడు సీటు వెనక బల్ల మీద పడుకుంటాడు. "ఒకనికి స్టీరింగు, ఇంకొకనికి జోలపాట" అని అడ్డాలో అందరూ నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్విందీ బాలకిషనే.

ఆ నవ్వు పల్లిచేనులో ఆగిపోయింది. బొంబాయి నుంచి ఒంటరిగా నడుపుకుంటూ వస్తున్నాడు. స్టేషన్ ఘన్‌పూర్ దాటాడు, ఇక ఇల్లు ఎంతో దూరం లేదు. పట్టపగలు, కళ్లు తెరిచే ఉన్నాయనుకున్నాడు. తెరిచిన కళ్లను మళ్లీ తెరిచేసరికి లారీ చేనులో నడుస్తోంది. కలుపు తీస్తున్న ఆడవాళ్లు కేకలు పెట్టి తలో దిక్కూ ఉరికారు. బండి మట్టిలో కూరుకుపోయి ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు, ముందు ఇరుసు మాత్రం వంగిపోయింది. ఒకామె గసపోస్తూ వచ్చి, "బిడ్డా, నీకేం కాలేగద?" అని అడిగింది. ఆమె వెనకాల, బండి ముందుచక్రాలకు కాస్త ఎడంగా, తుమ్మకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల ఉంది. అందులో పసిపిల్ల నిద్రపోతోంది. బాలకిషన్ అక్కడే, చేనులోనే, కూలబడి ఏడ్చాడు.

యజమాని రాజేశ్వర్ రావు పల్లెత్తు మాట అనలేదు. బాలకిషన్ ఆయన దగ్గర చేరి పదేళ్లు దాటింది. "అయితది తీయ్. ఇరుసే గద, ఒంగితే సాపు చేపిస్త. బండి షెడ్డుల నుంచి రాంగనే తాళం మళ్ల నీకే" అన్నాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. తిట్టే యజమానిని వదిలిపోవడానికి నిమిషం పట్టదు. ఇలాంటి మనిషిని ఏమని వదులుతారు?

కొత్తవాడలో ఇంటికొచ్చేసరికి విమలమ్మ, ఆమె తోటికోడలు పోశవ్వ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని వెడల్పాటి జంపఖానా నేస్తున్నారు. బాలకిషన్ చెప్పిందంతా విమలమ్మ చెయ్యి ఆపకుండా విన్నది. ఉయ్యాల మాట దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"దొర మంచోడే. నేను కాదంటలేను," అంది. "అయితే నీ కండ్లు మూతవడ్తే ఆయనొచ్చి తెరుస్తడా? ఆ ఇద్దరి కంపెనోళ్లు పిలుస్తాండ్రు గద, పో."

"పక్కపొంటి ఇంకోడు నడుపుతాంటే నాకు నిద్రెట్ల వడ్తదే?"

"మేమిద్దరం ఒక్క మగ్గం మీద నేస్తలేమా? పోశవ్వ దిక్కు నేనెన్నడన్న చెయ్యి వెట్టిన్నా?"

"రోజూ వెడ్తవు," అంది పోశవ్వ తలెత్తకుండా.

విమలమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వును మింగేసింది. "బండి షెడ్డులున్నన్ని దినాలు వాళ్లతోని ఒక్క ట్రిప్పు పోయిరా. నిద్రవడ్తే అండ్లనే చేరు. వడకపోతే డ్రైవరీ బంద్ వెట్టు. వచ్చి నా పక్కన కూసొని నెయ్యి."

బాలకిషన్ సరేనన్నాడు. ఒంటరిగా బండెక్కి మళ్లీ ఆ రోడ్డు మీద కునుకు తీసే ధైర్యం ఆయనకూ లేదు. స్టీరింగ్ వదిలి బతకడం ఎట్లాగో కూడా తెలియదు. చెప్పకుండా పోవడం మర్యాద కాదని రాజేశ్వర్ రావును అడిగితే, ఆయన పగలబడి నవ్వాడు. "పోయిరా. ఉత్త నేలను తొక్కీ తొక్కీ కాలు వాసిపోతది. కుంటుకుంట నా తానికే వస్తవ్."

ఇద్దరి కంపెనీ బండిలో రెండో మనిషి పరకాల కట్టయ్య. వయసులో పెద్దవాడు, మీసాలు నెరిసినవాడు, తొందరంటే ఏమిటో తెలియనివాడు. అద్దం కింద సమ్మక్క సారలమ్మల పటం పెట్టుకున్నాడు. బాలకిషన్ తన అలవాటు ప్రకారం చెప్పులు విప్పి సీటు కిందికి నెట్టి, తల్లులకు మొక్కి, స్టీరింగ్ పట్టాడు. పత్తి బేళ్లతో బండి కదిలిందో లేదో, వెనక బల్ల మీద కట్టయ్య గురక మొదలైంది. జనగామ గతుకులకు కూడా ఆ గురక తెగలేదు. మొన్ననే చేను దున్నివచ్చినవాడి చేతుల్లో ప్రాణం పెట్టి ఈయన ఇంత హాయిగా ఎట్లా పడుకున్నాడా అని బాలకిషన్‌కు ఆశ్చర్యమేసింది. లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది.

హైదరాబాద్ దాటాక ఇద్దరూ మారారు. బాలకిషన్ బల్ల మీద నడుం వాల్చాడు. వాల్చినంతసేపు పట్టలేదు, లేచి కూర్చున్నాడు.

"అన్నా, బర్రె."

"చూసిన తమ్మీ."

"అన్నా, మూల మలుపు."

"అదీ చూసిన."

"అన్నా, ముంగట బస్సు..."

"తమ్మీ, అది ఆగి ఉన్నది."

షోలాపూర్ వచ్చేదాకా ఇదే వరస. బాలకిషన్ కాలు ముందుసీటు వీపును తన్నుతూనే ఉంది, కట్టయ్య నడుము ప్రతి తన్నూ తింటూనే ఉంది. రోడ్డు పక్క హోటల్లో చాయ్ తాగుతున్నప్పుడు కట్టయ్య అడిగాడు, "తమ్మీ, ఉన్నమాట చెప్పు. నా మీద నమ్మకం లేదా?"

"నాకున్నదన్నా. నా కాలుకు లేదు."

కట్టయ్య నవ్వి, మళ్లీ నవ్వు ఆపుకున్నాడు. "మంచిగనే చెప్పినవ్. అయితే నువ్వు పండుకోకుంటే ఈ బండికి ఇద్దరున్నట్టెట్ల? ఒక్క అలిసినోని పక్కకు ఇంకో అలిసినోడు, గంతే. వాపస్ పోయినంక కంపెనీ సేటు అడుగుతడు. నేను అబద్ధం చెప్ప."

ఆ మాట బాలకిషన్‌కు గుచ్చుకుంది. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది. బొంబాయిలో సరుకు దించారు, వేరే సరుకు ఎక్కించారు. ఆ ఊరి రద్దీలో ఆయనకు కునుకు పట్టే ముచ్చటే లేదు. తిరుగు ప్రయాణంలో తన వంతు వచ్చి స్టీరింగ్ కోసం చెయ్యి చాస్తే, కట్టయ్య ఆ కళ్లలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. "చింతనిప్పులోలె ఉన్నయ్. ఈ కండ్లకు బండియ్య." స్టీరింగ్ పట్టిన నాటి నుంచి బాలకిషన్‌ను ఆ మాట అన్నవాడు లేడు. పోయి పక్క సీట్లో కూర్చున్నాడు. మగ్గం దగ్గర విమలమ్మ పక్కన తన కోసం ఖాళీ చేసిన చోటు కళ్లముందు కనబడింది. పోశవ్వ ఎక్కడికి జరగాలో కూడా ఆలోచించుకున్నాడు.

హుమ్నాబాద్ దాటాక మేకల మంద అడ్డమొచ్చింది. కాలు టపీమంది. కట్టయ్య బండి మెల్లగా పోనిచ్చి ఆ కాలు వైపు చూశాడు.

"తమ్మీ, నడిపేటప్పుడు నువ్వు చెప్పులు తొడుగుతవా?"

"ఛీ, ఎన్నడు తొడగ. పెడలు అరికాలుకు తెల్వాలె."

"మరి ఇప్పుడేం నడుపుతానవని ఇడిసినవ్?"

"తల్లుల పటం ఉన్నది గదన్నా," అన్నాడు బాలకిషన్.

"గదే నీ రోగం. కాలు ఉత్తగుండేసరికి అదింక డ్యూటీల ఉన్ననే అనుకుంటాంది. చెప్పులు తొడుక్కో."

"పటం ముంగటనా? కండ్లు పోతయన్నా!"

"నిద్ర లేక ఎట్లనన్న పోతయ్. తల్లులు నీ కాళ్లు చూసుకుంట కూసుంటరా, రోడ్డు చూస్తరు గాని. పాపం తగిల్తే నాకు తగలనియ్. తొడుగు."

బాలకిషన్ చెంపలు వేసుకున్నాడు. లోలోపల వెయ్యి దండాలు పెట్టుకుంటూ చెప్పులు తొడిగాడు. కాసేపటికి ఎదురుగా లారీ వచ్చింది. కాలు లేవబోయింది గానీ, చెప్పు నేలకు రాసుకుని చప్పుడు చేసేసరికి, తనది కాని పనిలో దూరినట్టు ఆగిపోయింది. ఆయన వంగి దాన్ని వింతగా చూశాడు. తర్వాత ఒక బర్రె కనబడింది. "అన్నా, బ..." అన్నాడు. మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది.

కళ్లు తెరిచేసరికి బండి ఆగి ఉంది. కట్టయ్య కిటికీలోంచి చాయ్ గ్లాసు అందించాడు.

"జహీరాబాదా అన్నా?"

"జనగామ."

"హైదరాబాద్ ఏమాయె?"

"ఆడనే ఉన్నది. నేనే నిన్ను లేపలే. పసిపోరని లెక్క పండుకున్నవ్, లేపబుద్ధి కాలే. ఇగ నువ్వు వట్టు, నాకు కండ్లు గుంజుతానయ్."

బాలకిషన్ చెప్పులు విప్పి స్టీరింగ్ పట్టాడు. రోడ్డు అద్దంలా కనబడుతోంది. కరెంటు తీగ మీద పిట్టలు కనబడుతున్నాయి, దూరాన సైకిల్ మీద పోయేవాడి భుజం మీది తువ్వాలు కనబడుతోంది. ఇన్నేళ్లుగా ఈ రోడ్డును సగం కళ్లతోనే చూశానని ఆయనకు అప్పుడు తెలిసింది. వెనక కట్టయ్య గురకపెడుతుంటే, ఆ గురక చెడకుండా ఇల్లు చేరడం కంటే పెద్ద పని లోకంలో ఏదీ లేదనిపించింది.

కంపెనీలో చేరతానని కట్టయ్యకు మాటిచ్చి, మర్నాడు రాజేశ్వర్ రావు దగ్గరికి పోయాడు. ఆయన కాలు వైపే చూసి, "కుంటుతలేవేంది?" అని నవ్వబోయాడు. బాలకిషన్ ముఖం చూసి ఆ నవ్వు ఆగింది.

"నేనేం తక్కువ చేసిన్నని పోతానవురా?"

"ఏం తక్కువ చెయ్యలే దొరా. నేను చేనుల వడ్డా మీరు నన్ను నమ్మిండ్రు. నాకే నా మీద నమ్మకం వోయింది. ఇప్పుడు జర వాపస్ వస్తాంది."

రాజేశ్వర్ రావు బాధపడ్డాడు, దాచుకోనూ లేదు. "నా బండికి గూడ రెండో డ్రైవర్‌ను వెడ్తే ఆగుతవా?" అని అడిగాడు.

బాలకిషన్ చేతులు జోడించాడు. "కట్టయ్యన్నకు మాటిచ్చిన దొరా. అయినా పెట్టుండ్రి. నా యెనక ఆ బండి ఎక్కేటోనికి గూడ కండ్లున్నయ్ గద."

రాజేశ్వర్ రావు లేచి గడప దాకా వచ్చి సాగనంపాడు. ఆ నెలలోనే ఆయన రెండో డ్రైవరు కోసం వెతుకుతున్నాడని అడ్డాలో తెలిసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బాలకిషన్ కట్టయ్యతో మళ్లీ బొంబాయికి బయలుదేరిన నాటి మధ్యాహ్నం, పోశవ్వ ఎప్పటిలాగే నేయడానికి వచ్చింది. మగ్గం దగ్గర చప్పుడు లేదు. లోపలికి తొంగి చూస్తే విమలమ్మ నేల మీద చాపేసుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని, నోరు తెరిచి నిద్రపోతోంది. పోశవ్వ గడపలోనే నిలబడిపోయింది. బాలకిషన్ రోడ్డు మీద ఉన్నన్నాళ్లు ఆమె కన్ను వాలడం పోశవ్వ ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, నేతపని రేపు చూసుకుందామని తన ఇంటికి వెళ్లిపోయింది.