షామ్‌రాక్ కింద పిన్ను

బార్ తలుపు తోసే ముందే మాలకీ డెవాన్ ఆ పని కానిచ్చేశాడు. పాట్రిక్ పండగకని కోటుకు పెట్టుకున్న షామ్‌రాక్ మూడాకుల గుత్తిని ఊడదీసి, పక్కనే ఉన్న చిన్న పిన్ను కనబడకుండా సరిగ్గా దాని మీద గుచ్చాడు.

గోరంత పిన్ను. దాని మీద ఏసు హృదయం. మందు ముట్టనని దేవుడి ముందు ఒట్టేసినవాళ్లు పెట్టుకునేది. మాలకీ మాత్రం డింప్నా కోసం పెట్టుకున్నాడు. ఆమె మొదటి మొగుడు కార్మక్ తాగి కారు నడుపుతూ కాలవలో పడి చచ్చిపోయాడు. "ఆ పిన్ను లేని మగాడు నా గడప తొక్కక్కర్లేదు" అని ఆమె ముందే తేల్చి చెప్పింది. ఈస్టర్ వెళ్లిన వారమే పెళ్లి.

కానీ పొద్దుట్నుంచి ఒకటే వాన. పాట్రిక్ పండగ ఊరేగింపులో కాగితం పూల బండిని ట్రాక్టర్‌కు తగిలించుకుని లాగీ లాగీ ఎముకల్లోకి చలి దిగిపోయింది. ఇది తన ఊరు కాదు. తెలిసిన మొహం ఒక్కటి లేదు. ఒక్క గ్లాసు. ఎవరికి తెలుస్తుంది?

బార్ యజమాని అల్టన్ నిమ్మచెక్కకు లవంగాలు గుచ్చి, చక్కెర వేసి, విస్కీ మీద వేడినీళ్లు పోశాడు. మొదటి గుక్కకే ఒళ్లు వదులైంది. ఒక్క గ్లాసు రెండైంది.

రెండోది సగంలో ఉండగా తలుపు తెరుచుకుంది. డింప్నా! చేతిలో తడిసిన టోపీ.

"ఊరేగింపు చూద్దామని వచ్చాను. టోపీ ట్రాక్టర్ సీటు మీద పడేసి పోయావు. ఊరంతా వెతికాను. చలికి చస్తావనుకున్నా" అంటూ వచ్చి పక్కనే కూర్చుంది. "ఏంటది?"

"వేడినీళ్లు. నిమ్మకాయ, లవంగాలు. గొంతు పట్టేసింది."

"మంచిపని చేశావు. తాగు, తాగు" అని వీపు నిమిరింది.

ఆ చెయ్యి పడ్డచోట మాలకీకి నిప్పు పెట్టినట్టయింది. తిట్టినా బాగుండేది. నమ్మేసింది. ఇప్పుడే లేచి, ఆమెను తీసుకుని బయటపడాలి.

లేవబోయాడు. అప్పుడే చేతికర్ర నేలకు తాటించింది అల్టన్ తల్లి సబీనా అవ్వ.

"చివరి గ్లాసులు పట్టండి! ఆకులు ముంచండి! చీకటి పడితే నా కళ్లకు గ్లాసేదో మొగుడేదో తెలీదు!"

జనం గొల్లుమన్నారు. ఒక్కొక్కరూ కోటు మీది షామ్‌రాక్ తీసి గ్లాసులో వేస్తున్నారు. తాగేసి, అడుగున మిగిలిన ఆకును ఎడమ భుజం మీదుగా వెనక్కి విసురుతున్నారు. "వచ్చే ఏడు ఈ వేళకి ఒక్కరూ తగ్గకుండా ఇక్కడే ఉందుము గాక!" అని అవ్వ అందరినీ దీవిస్తోంది.

"ఏం బాబూ, నువ్వో? పొడి ఆకుతో గడప దాటితే నా ఇంటికి అరిష్టం."

"గొంతు నొప్పండీ అవ్వా..."

"గొంతుకూ ఆకుకూ ఏం సంబంధం? అమ్మాయ్, నువ్వు తియ్యి! ఈ మగాళ్లకు గుండీ పెట్టుకోవడమే రాదు."

డింప్నా నవ్వుతూ చెయ్యి చాచింది. మాలకీ ఆ చెయ్యి పట్టుకోబోయాడు. ఆలస్యమైంది. గుత్తి ఊడి వచ్చింది.

కింద పిన్ను తళుక్కుమంది.

నవ్వులు ఆగిపోయాయి. తాగినవాణ్ణి చూసి తలతిప్పుకునే జనం కాదు వాళ్లు. పిన్ను కప్పుకుని తాగినవాణ్ణి చూడలేక తలలు తిప్పుకున్నారు. అల్టన్ ఉత్తినే బల్ల తుడవడం మొదలెట్టాడు.

డింప్నా గ్లాసెత్తి వాసన చూసింది.

"డింప్నా, వానలో తడిసి... ఒక్కటే..."

"తాగినందుకు కాదు నా బాధ." గ్లాసు బల్ల మీద పెట్టింది. "వేడినీళ్లు, గొంతు నొప్పి. కార్మక్ కూడా అచ్చం ఇదే చెప్పేవాడు."

షామ్‌రాక్‌ను ఆ గ్లాసులోనే వేసి అతని ముందుకు జరిపింది. "ముంచాను. అవ్వ ఇంటికి అరిష్టం వద్దు. ట్రాక్టర్ తాళం ఇలా ఇవ్వు."

"నేను నడపగలను."

"అతనూ అదే అన్నాడు."

తాళం ఇచ్చేశాడు. అతని చేతిలో టోపీ పెట్టి బయటికి నడిచింది. "ఈస్టర్‌కి పెళ్లి లేదు. ఫాదర్‌కి నువ్వే చెప్పు. ఎందుకో కూడా చెప్పు."

ట్రాక్టర్ కదిలింది. వెనక బండిలో, నానిపోయిన కాగితం పూల మధ్య మాలకీ కూర్చున్నాడు. పిన్ను తీసి పిడికిట్లో బిగించాడు. టోపీ పెట్టుకోవడానికి మనసు రాలేదు. వీధి పొడుగునా జనం ఊరేగింపు ఇంకా అయిపోలేదనుకుని కేరింతలు కొట్టారు.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా!" అని గుమ్మంలోంచి ఓ ముసలాయన గ్లాసెత్తాడు.

దీవెనకు బదులివ్వకపోతే తప్పు. మాలకీ చెయ్యెత్తాడు. పిడికిలి మాత్రం విప్పలేదు.