అబ్దుల్ జబ్బార్ గారి చంకకర్ర

నేను ఒక చంకకర్రను. జాతికి టేకును. నరసరావుపేటలో ఎవరో కొత్త ఇల్లు కట్టుకుంటూ గుమ్మాలకని తెచ్చిన దూలంలో మిగిలిన ముక్క నేను. నా తోడబుట్టినవి ద్వారబంధాలై పసుపు పూయించుకుని, మామిడాకులు కట్టించుకుని దర్జాగా నిలబడ్డాయి. నన్ను మాత్రం వడ్రంగి బ్రహ్మాచారి చిత్రిక పట్టి, పైన అడ్డకర్ర బిగించి, కింద రబ్బరు బిళ్ల తొడిగి, "పోరా, మనిషి కింద మనిషివై బతుకు" అని పంపేశాడు. ఆ మాటకి అప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాను. లోకం చూశాక తెలిసింది, గుమ్మాలకంటే నాకే కాలక్షేపం ఎక్కువని.

నా మొదటి యజమాని పేటలో పాత మసీదు ఇమాం, సనావుల్లా సాహెబ్ గారు. భారీ మనిషి, నవ్వుమొహం, సేమియా పాయసమంటే ప్రాణం. నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే కుళాయిల దగ్గర నాచు మీద జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. పడుతూ పడుతూ "యా సత్తార్!" అని కేకేశారట. సత్తార్ అంటే మనిషి లోపాలను పదిమంది కంట పడకుండా కప్పేవాడని అర్థం. అల్లాహ్ పేర్లలో అదొకటి.

"ఎముక విరుగుతుంటే నయం చేసేవాణ్ని పిలవాలి గానీ, కప్పేవాణ్ని పిలవడమేమిటండీ?" అని ఆయన భార్య జులేఖా గారు మంచం పక్కన కూర్చుని అడిగారు.

"ఎముక సంగతి తర్వాత తెలిసింది బీబీ. లుంగీ ఊడిన సంగతి ముందు తెలిసింది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వుకి మంచం ఊగింది. మంచం ఊగితే ఆయన తుంటి నొప్పెట్టి, ఈసారి సరైన పేరుతోనే పిలిచారు. "యా షాఫీ!" నయం చేసేవాడా అని.

ఆయన చంకలో ఉన్నన్నాళ్లూ నాకు చదువు బాగా వంటబట్టింది. మెట్లెక్కుతుంటే "యా ఖవీ" అనేవారు, బలవంతుడా అని. ఎండలో నడుస్తుంటే ఎక్కణ్నుంచో చల్లగాలి వీస్తే "యా లతీఫ్" అనేవారు, సుతిమెత్తని దయగలవాడా అని. చక్కెర జబ్బుండీ పాయసం గిన్నె దగ్గరికి లాక్కుంటూ మెల్లగా "యా గఫూర్" అనేవారు. క్షమించేవాడా అని. ఆ పేరు మాత్రం ఆయన నోట మరీ తరచుగా వినపడేది.

సాయంత్రం చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో ఒక అమ్మాయి ఓసారి అడిగేసింది. "హజరత్, అల్లాహ్ అంటే చాలదా? ఇన్ని పేర్లెందుకు?"

"చాలునమ్మా, ఎందుకు చాలదు? కానీ ఎవరిని పిలుస్తున్నామో తెలిసి పిలిస్తే పిలుపులో ప్రాణముంటుంది. నువ్వు ఇంటికెళ్లి మీ అమ్మని, ‘లోపల ఎవరైనా ఉన్నారా అండీ’ అని పిలుస్తావా?"

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. నాకు నవ్వే వీలు లేదు గనుక గోడకి ఆనుకుని ఊరుకున్నాను.

ఇమాం గారి తుంటి బాగుపడింది. నన్ను తలుపు వెనక నిలబెట్టారు. మూలన గొడుగుతో కాపరం చేస్తూ, ఇక నా పని అయిపోయిందనుకుంటుండగా బస్టాండు వైపు నించి ఒక కబురు వచ్చింది. పరుపుల కొట్టు జబ్బార్ కాలు విరిగిందని.

షేక్ అబ్దుల్ జబ్బార్ గురించి పేటలో తెలియనివాళ్లు లేరు. తాతల నాటి నించి దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టే దూదేకుల కుటుంబం. పనిలో ఎదురులేనివాడు. కోపంలో అంతకంటే. బేరమాడే గిరాకీ మీద అరుస్తాడు, కరెంటు పోతే స్తంభం మీద అరుస్తాడు. "నా పేరేందో తెలుసా? జబ్బార్! అంటే ఎదుటోణ్ని వంచేవాడు. వంగడం మన రాతలో లేదు" అనేవాడు. ఆ రోజు మోపెడ్ స్టార్ట్ కాలేదు. తిట్టాడు, అది విననే లేదు. ఆగ్రహం పట్టలేక ఈడ్చి తన్నాడు. అది స్టాండు మీద నించి ఒరిగి ఆయన కాలి మీదే పడింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలు. ఆయన ముందు వంగనివాళ్లలో ఆ మోపెడ్ ఒకటి, ఆయన తమ్ముడు ఇంకొకడు.

తమ్ముడి సంగతి నాకు ఆ ఇంటికి వెళ్లాకే తెలిసింది. పేరు హిదాయత్. అన్నదమ్ములిద్దరూ ఒకే కొట్లో పక్కపక్కన కూర్చుని కుట్టేవాళ్లు. ఒకరోజు పెళ్లి పరుపు మీద తమ్ముడి కుట్టు వంకరగా వచ్చిందని, కొట్టు నిండా గిరాకీలుండగా, జబ్బార్ కత్తెర తీసుకుని ఆ పరుపును ఈ చివర నించి ఆ చివరకి చించి పారేశాడు. బూరుగు దూది వీధంతా ఎగిరింది. హిదాయత్ తల మీది దూది దులుపుకుని వెళ్లిపోయి, రైల్వే గేటు అవతల చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు రంజాన్లు వచ్చాయి, పోయాయి. అన్నదమ్ములు కౌగిలించుకోలేదు.

కట్టు కట్టించుకుని ఇంట్లో పడ్డ జబ్బార్ గారి దగ్గరికి ఇమాం గారు నన్ను పంపించారు. మొదటి వారం నన్ను నడవడానికి వాడలేదాయన. పెత్తనానికి వాడాడు. నీళ్లు కావాలంటే నేలకేసి రెండుసార్లు కొట్టేవాడు, అన్నం కావాలంటే మూడుసార్లు. "చంకలో పెట్టుకునేదాన్ని చేత్తో ఝుళిపిస్తే కాలు ఎప్పటికి లేస్తుందయ్యా?" అనేది ఆయన భార్య మౌలాబీ. సన్నటి మనిషి, గట్టి గొంతు. ఆ ఇంట్లో ఆయనకి ఎదురు మాట్లాడగలిగింది ఆవిడొక్కతే.

తర్వాత తర్వాత ఆ కొట్టడం కూడా ఆగిపోయింది. అజాన్ వినపడితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మౌలాబీ నమాజుకి కుర్చీ తెచ్చి వేస్తే "తీసెయ్" అనేవాడు. ఒక మధ్యాహ్నం ఆవిడ బియ్యం ఏరుతూ అంది.

"హిదాయతు కొట్టు ఖాళీ చేస్తున్నాడంట. హోసూరులో ఎవరో పిలిచారంట. శుక్రవారం పెళ్లాం పిల్లల్తో వెళ్లిపోతున్నాడు."

ఆయన అటు తిరిగే అన్నాడు. "నలుగుర్లో వాడి పని చించి పారేశాను మౌలా. అందుకే అల్లాహ్ నన్ను విరిచాడు. ఆయన పేరే జబ్బార్. నాకు తెలీదా ఆ పేరు? ఇక ఆయన ముందుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లేది?"

మౌలాబీ బియ్యం చేట కింద పెట్టేసింది. ఆ ఇంటికి కాపురానికొచ్చిన నాటి నించి ఆ గొంతు ఆ స్థాయికి దిగడం ఆవిడ వినలేదనుకుంటాను. మర్నాడు పొద్దున్నే సేమియా పాయసం వండి, ఇమాం గారికి కబురు పెట్టింది. తెలివైన మనిషి. ఉత్త కబురు కంటే పాయసం కబురు త్వరగా చేరుతుంది.

సనావుల్లా సాహెబ్ వచ్చి, మంచం పక్కన కూర్చుని, ముందు నన్ను పలకరింపుగా ఓసారి తట్టి, గిన్నె అందుకున్నారు. "యా గఫూర్" అని మొదటి చెంచా మింగారు. జబ్బార్ గారు ఏమీ దాచకుండా అంతా చెప్పుకున్నాడు.

"నీ కాలు విరిచింది మోపెడ్. మోపెడ్‌ని పడేసింది నీ తన్ను" అన్నారు ఇమాం గారు. "ఆయన ఏది ఎందుకు చేస్తాడో నాకు తెలియదు. తెలుసని చెప్పే ధైర్యమూ నాకు లేదు. కానీ ఆ పేరు సంగతి నాకు తెలుసు. నువ్వు సగమే విన్నావు జబ్బార్ భాయ్."

"సగమేంది హజరత్? వంచేవాడనే కదా."

"ఆయన తలచింది జరిగి తీరుతుంది, ఎవడూ అడ్డం నిలవలేడు. అది నిజం. ఇంకో అర్థముంది. అరబ్బీలో విరిగిన ఎముకకి వేసే కట్టుని జబీరా అంటారు. ఆ మాటా ఈ పేరూ ఒకే వేరు నించి పుట్టాయి. జబ్బార్ అంటే విరిగినదాన్ని అతికించేవాడు కూడా. విరిగిన కాలు, విరిగిన మనసు, ఏదైనా."

జబ్బార్ గారు తన కాలి కట్టు వైపు చూసుకున్నాడు. దాన్ని అంతకుముందెన్నడూ చూడనట్టు చూశాడు.

"ఆయన్ని ఒక్క పేరుతో, అదీ సగం పేరుతో ఎరిగి, పోలీసు స్టేషను అనుకుని సందులో దాక్కున్నావు. అక్కడే ఆస్పత్రి కూడా ఉందని నీకెవరూ చెప్పలేదు. అందుకే పేర్లు నేర్చుకోమనేది. తొంభై తొమ్మిదీ లెక్క అప్పజెప్పడానికి కాదు."

"ఆ పేరే పెట్టుకుని నాకే తెలీకపాయె."

"అక్కడే పొరపాటు పడుతున్నావు." ఇమాం గారు చెంచా ఎత్తి చూపించారు. "జబ్బార్ నీ పేరు కాదు నాయనా. అది ఆయనది. ఆయనకి అది ఘనత, మనిషి నెత్తికెత్తుకుంటే పాపం. నీ పేరు ముందున్న ముక్క. అబ్దుల్. దాసుడు. మీ నాన్న నీకిచ్చింది అదొక్కటే. ఊరంతా దాన్ని వదిలేసి పిలిచారు, నువ్వూ వదిలేశావు."

వంటింట్లో మౌలాబీ గిన్నెలు తోమడం ఆపేసింది.

"ఇంకో సంగతి చెప్పనా? నమాజులో నేలకి నుదురు ఆనించే రెండు సజ్దాల మధ్య కూర్చున్నప్పుడు ఏమంటావు?"

చిన్నప్పుడు వల్లెవేసిన పాఠం గనుక జబ్బార్ గారు గడగడా చెప్పాడు. "రబ్బిగ్‌ఫిర్లీ, వర్‌హమ్నీ, వజ్‌బుర్నీ…"

"నన్ను క్షమించు, నన్ను కరుణించు. వజ్‌బుర్నీ అంటే?"

"అడగలేదు హజరత్ ఎప్పుడూ."

"నన్ను అతికించు. అదే మాట. నీకు మీసం రాకముందు నించి రోజూ అడుగుతూనే ఉన్నావు. ఎవర్ని ఏమడుగుతున్నావో తెలియలేదంతే."

ఇమాం గారు గిన్నె ఖాళీ చేసి వెళ్లిపోయారు. మధ్యాహ్నం దాటాక అసర్ నమాజు అజాన్ వినపడింది. "మౌలా, కుర్చీ వెయ్" అన్నాడు ఆయన. నన్ను పట్టుకుని కుర్చీ దాకా వచ్చి, నన్ను పక్కన పడుకోబెట్టి నమాజు మొదలుపెట్టాడు. మొదటి సజ్దాకి వంగగలిగినంత వంగి లేచాడు. మామూలుగా అయితే ఆ మధ్యలో రెప్పపాటు కూర్చుని మళ్లీ వంగడమే. ఆ రోజు ఆయన "వజ్‌బుర్నీ" అన్నాడు, ఆగిపోయాడు. మళ్లీ అన్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. మౌలాబీ తలుపు దగ్గరికి వచ్చి, చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయింది.

మర్నాడే శుక్రవారం. పొద్దున్నే ఆటో ఎక్కి రైల్వే గేటు అవతల దిగాం, ఆయనా నేనూ. హిదాయత్ కొట్టు ముందు ట్రాలీ ఆటో నిలబడి ఉంది. మంచాలు, బిందెలు, పిల్లల సైకిలు ఎక్కించేశారు. చూడ్డానికి ఇరుగుపొరుగు వాళ్లు చేరారు. కొట్టులో నేల మీద సగం కుట్టిన పరుపొకటి మాత్రం మిగిలుంది. దారంతా ఆయన మెత్తటి మాటలు గొణుక్కుంటూ వచ్చాడు. నేను విన్నాను, బాగానే కుదిరాయి. తమ్ముణ్ని చూడగానే నోటెంట వచ్చింది మాత్రం ఇది:

"ఒరేయ్! ఆపు ఆ ఆటోని!"

హిదాయత్ తాడు బిగిస్తున్నవాడల్లా తిరిగాడు. అన్న కాలిని చూశాడు, నన్ను చూశాడు. ముఖం ఒక్కసారి మెత్తబడి మళ్లీ బిగుసుకుంది.

"ఇంకా చించడానికి ఇక్కడేం మిగిలింది అన్నా?"

జబ్బార్ గారి చెయ్యి నా మీద బిగుసుకోవడం నాకు తెలుస్తోంది. ఆ పట్టు నాకు బాగా తెలుసు, దాని తర్వాత కేకలే. కానీ ఆయన నన్ను ఊతం చేసుకుని మెట్టెక్కాడు. కట్టు కాలు చాపుకుని, పళ్ల బిగువున నొప్పి ఆపుకుంటూ నేల మీద కూలబడ్డాడు. నన్ను పక్కకి నెట్టి, ఆ సగం పరుపుని ఒళ్లోకి లాక్కున్నాడు. దానికి గుచ్చి ఉన్న దబ్బనం తీసి కుట్టడం మొదలుపెట్టాడు. కట్టు కాలు అడ్డొచ్చి దబ్బనం తిన్నగా సాగడం లేదు. ఒక వరస కుట్టి దారం బిగించి, పక్కనున్న కత్తెర అందుకుని పిడి తమ్ముడి వైపు చాపాడు.

"నువ్వు చింపు. అందరూ చూస్తున్నారు. ఇట్టాగే, నలుగుర్లో చింపు. తప్పు నాదిరా. ఆ రోజు చించింది పరుపుని కాదు."

హిదాయత్ కత్తెర అందుకున్నాడు. వంగి కుట్టు చూశాడు. వేలితో దాని వెంట తడిమాడు.

"అన్నా," అన్నాడు. "కుట్టు వంకరగా ఉంది."

చూస్తున్నవాళ్లలో ఒకాయన ముందు జాగ్రత్తగా రోడ్డు మీదికి దిగిపోయాడు.

"ఉంటే సరిచెయ్యి" అన్నాడు అబ్దుల్ జబ్బార్.

హిదాయత్ కత్తెర కింద పెట్టి, అన్న పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దబ్బనం తీసుకుని వంకర పోయిన చోట దారం సడలించి మళ్లీ బిగించాడు. తర్వాత అన్న భుజం మీద తల పెట్టేశాడు. ఇద్దరూ ఏడ్చారు. ట్రాలీ ఆటో అతను హారను కొట్టి, "సార్, హోసూరా, కాదా? ఒకటి తేల్చండి" అన్నాడు. ఏడుస్తున్నవాళ్లిద్దరికీ నవ్వొచ్చింది.

ఆటో హోసూరు వెళ్లలేదు. బస్టాండు దగ్గరి అన్నగారి కొట్టు వైపు తిరిగింది. అన్నగారిని తమ్ముడు భుజం పట్టి నడిపించుకెళ్లి, పరుపుల మీద రాజాలా కూర్చోబెట్టాడు. "మెల్లగా పోనియ్యరా, బిందెలు పడతాయ్!" అని ఆయన అరుపు మలుపు దాకా వినపడింది. అరుపు పాతదే. ఆయనేమీ మహిమలున్న ఔలియా అయిపోలేదు.

నేను ఆ ఖాళీ కొట్లో నేల మీద, దూది పోగుల మధ్య ఉండిపోయాను. నన్ను మరిచిపోయారు. తర్వాతైనా ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. ఇప్పుడు ఆ కొట్లో టీ హోటలు పెట్టారు. ఎండకి అడ్డంగా ముందు కట్టిన పరదా జారిపోకుండా నన్ను కింద ఆనించి నిలబెట్టారు. రోజూ ఎంతోమంది నా నీడలో టీ తాగుతారు, అవే గొడవలు, అవే కబుర్లు. ఖాళీగా ఉన్నప్పుడు నేను ఆ శుక్రవారం గురించి ఆలోచిస్తుంటాను. గొడుగుని మరిచిపోతే మనిషికి నష్టం, చెప్పుల్ని మరిచిపోతే నష్టం. చంకకర్రని మరిచిపోయి తమ్ముడి భుజం ఊతంగా నడిచి వెళ్లిపోయాడంటే, ఆ ఇంట్లో అంతకంటే శుభవార్త ఇంకేముంటుంది చెప్పండి?