సరిచూడటమా, సరే చూద్దామా

కంప్యూటర్ల భాషలో డిస్కు మీద రాయడాన్ని ‘బర్న్’ చేయడమంటారు, అంటే కాల్చడం. కాలేది డిస్కు కాదు, కాలం. ఆ మధ్యాహ్నం మాదాపూర్ ఆఫీసు నాలుగో అంతస్తులో కృష్ణప్రియ అలా గంటన్నర కాల్చింది.

ఉద్యోగంలో చేరి ఐదు నెలల ఇరవై రోజులు. ఆరో నెల నిండితే పర్మినెంటు. ఈలోపు పొరపాటు జరిగితే పర్మినెంటుగా ఇంటికి.

పని చిన్నదే. పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాలకు ఇంటర్నెట్ గాలి సోకనివ్వరు. కొత్త ప్రోగ్రామ్ డిస్కు మీదే వెళ్లాలి. యంత్రాలు ఆపేది ఏడాదికి ఒక్కరోజు. ఆ రోజు రేపే.

పంపాల్సినదంతా పొల్లు పోకుండా కట్టిన మూట పేరు ఇమేజ్ ఫైలు. దాన్ని డిస్కు మీద రాసి, రాసినదాన్ని మళ్లీ చదివి, మూటతో పోల్చాలి. దాన్ని సరిచూడటం అంటారు. మేనేజరు రవికిరణ్ మాత్రం ‘సరే, చూద్దాం’ అని చదువుకునే రకం.

“ఎంతసేపు కృష్ణప్రియా?”

“రాయడం అయింది సర్. చదువుతోంది.”

“దానికంత చదువెందుకు? సరిచూసినట్టు రిపోర్టు మీద నేను సంతకం కూడా పెట్టేశా.”

తెర మీద పచ్చ టిక్కు పడింది. డిస్కు తీసుకెళ్లడానికి వచ్చిన వ్యాన్ డ్రైవర్ ఐలయ్య దాన్ని వింతగా చూశాడు.

“గా పచ్చది ఏందమ్మా?”

“రాసింది సరిగ్గుందని, అన్నా.”

“ఎవలు చూసిన్రు?”

“డిస్కు తిప్పే ఈ డ్రైవే. ఇదే రాసింది, ఇదే చదివింది.”

ఐలయ్య గడ్డం గోక్కున్నాడు. “రాసినోడే దిద్దుకుంటే ఎట్ల బిడ్డా? మా బిడ్డ మమత గిట్లనే తన పేపరు తనే దిద్దుకుంటే ఇంజినీరింగు ఎప్పుడో పాసైతుండె.”

కృష్ణప్రియ నవ్వబోయి ఆగింది. డ్రైవే వంకరదైతే? దాని వంకర రాత దానికి తిన్నగానే కనబడుతుంది. డాక్టరు చీటీ డాక్టరు చదివితే సరా, మందుల షాపువాడు చదవాలి కదా.

“సర్, ఇంకో డ్రైవులో చూస్తాను.”

“ఈ ఆఫీసులో ఇంకో డ్రైవెక్కడుంది?”

నిజమే. మూడువందల ల్యాప్‌టాపుల్లో ఒక్కదానికీ డిస్కు పెట్టే నోరు లేదు. సిటీ హైటెక్కు, డిస్కు లోటెక్కు.

“కింద జిరాక్స్ షాపులో ఉంది సర్, పాత కంప్యూటరు.”

షాపు నడిపే యాదమ్మ ఆ కంప్యూటర్‌ని రెండు చరుపులు చరిచి లేపింది. “జర ఓపిక పట్టు, గిది నా కన్నా ముసలిది.”

డిస్కు తిరిగింది. అరవై ఒకటో శాతం దగ్గర గరగరమంది. ఆ తర్వాత చదవలేనంది. డ్రైవ్ రాసిన రాతలో డ్రైవర్ తప్పు పట్టాడు.

కృష్ణప్రియ డిస్కును బయటికి తీసింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. పచ్చ టిక్కుంది, సంతకముంది. రేపు ఫ్యాక్టరీలో ఆగినా నెపం వాళ్ల యంత్రం మీదికే పోతుంది. పది రోజులు గడిస్తే చాలు.

పైకెళ్లి రిపోర్టును రవికిరణ్ బల్ల మీద పెట్టింది. “ఇది చించేయండి సర్. డిస్కు వేరేచోట చదవట్లేదు.”

“రాసింది నువ్వేగా?”

“నేనే సర్.”

అతను ఆ కాగితాన్ని నెమ్మదిగా చించాడు. “ఇప్పుడేం మారుస్తావ్?”

“వేగం. తొందరపడి పదహారు రెట్లతో రాయించాను. నాలుగుకు తగ్గిస్తాను.”

ఈసారి యాదమ్మ కంప్యూటరు కడదాకా చదివింది. ప్రతి మూటకూ వేలిముద్ర లాంటి పొడవాటి సంఖ్య ఒకటి ఉంటుంది. డిస్కు నుంచి వచ్చినదాన్ని కృష్ణప్రియ పైకి చదువుతుంటే, ఐలయ్య కాగితం మీది అసలు సంఖ్య కింద వేలు జరుపుతూ పోయాడు.

“ఒక్కటి సుత తప్పలే. ఇగ పోదునా?”

మర్నాడు పదింటికి ఫ్యాక్టరీ ఇంజినీరు ఫోను చేశాడు. “యంత్రం డిస్కు తీసుకుంది మేడమ్, ఇన్‌స్టాల్ అవుతోంది.”

రవికిరణ్ ఆ మాట విన్నాడు గానీ మొహం తేలికపడలేదు. “మన డ్రైవులో ఇంతకుముందు ఎన్ని డిస్కులు రాశాం?”

“పద్నాలుగు సర్. నేను రాకముందువి.”

“అన్నిటికీ పచ్చ టిక్కే కదూ?”

“అన్నిటికీ.”

“ఎక్కడెక్కడున్నాయో రాయి. వెనక్కి రప్పించి చూడటానికి ఆర్నెల్లు పడుతుంది.” కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. “నీ పర్మినెంటు కాగితం ఈ పూటే పంపించమంటాను. మధ్యలో నువ్వెళ్లిపోతే వీటిని చదివేదెవరు?”